ఆగలేనివారికే అసలు ధర

వనపర్తి మార్కెట్ యార్డులో యాసంగి పల్లికాయ కుప్పలు పడే రోజుల్లో పెద్దమందడి రైతును అడగండి. ధర ఎలా మారుతుందో ఆయన విడమరిచి చెబుతాడు. నిన్న పలికిన రేటు ఇవాళ పలకదు. వనపర్తిలో పలికింది గద్వాలలో పలకదు. కాయలో తేమ ఎంత, గింజ తూకం ఎంత, ఆ పూట యార్డుకు ఎన్ని బస్తాలు దిగాయి, ఖరీదుదారులు ఎందరు వచ్చారు అన్న లెక్కలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. ధర మారడం ఆయనకు వింత కాదు. మారిన ధరకు కారణం కళ్ల ముందు కుప్పలా కనబడుతుంది.

ఆ ఇంటి నుంచే ఒకరు దుబాయ్‌కి పనికో, అమెరికాకు చదువుకో బయలుదేరవలసి వచ్చిందనుకుందాం. ఫోన్ తెర మీద పొద్దున ఒక ధర, సాయంత్రానికి మరో ధర. మంగళవారానికి ఒకటి, శుక్రవారానికి ఇంకొకటి. ఒకే రోజు, ఒకే ఊరికి, రెండు సంస్థల మధ్య వేల రూపాయల తేడా. విమానంలోకి ఎక్కాక పక్క సీటాయనను అడిగితే ఆయన సగానికే కొన్నానంటాడు. పల్లికాయ రేటును వేలి కొసల మీద లెక్కగట్టే మనిషి ఇక్కడ అయోమయంలో పడతాడు. ఎవరో మోసం చేశారనుకుంటాడు, లేదా అదృష్టం బాగోలేదనుకుంటాడు.

రెండూ నిజం కావు. విమాన టికెట్ ధరకు స్పష్టమైన తర్కం ఉంది. ఆ ధర ప్రయాణపు దూరాన్ని కొలవదు. ఆ ప్రయాణాన్ని మనం ఎన్నాళ్లు వాయిదా వేయగలమో, ఎంత ముందుగా నిర్ణయించుకోగలమో కొలుస్తుంది. ఆగగలిగినవారికి తగ్గిస్తుంది, ఆగలేనివారి దగ్గర పెంచుతుంది. ఈ తర్కాన్ని అర్థం చేసుకోవడం ప్రయాణికుడిగా మన అవసరం. దానికి ఎక్కడో ఒకచోట హద్దు గీయాలని అడగడం పౌరులుగా మన బాధ్యత.

సీటుకు రేపు లేదు

పల్లికాయకు ధర రాకపోతే, అప్పుల వాళ్లు ఆగితే, గోదాములో పెట్టుకుని పది రోజులు చూడొచ్చు. విమానం సీటుకు ఆ వీలు లేదు. రన్‌వే వదిలిన క్షణాన ఖాళీ సీటు విలువ సున్నా. పొద్దుగూకినా అమ్ముడుపోని మల్లెపూల బుట్టకంటే అన్యాయం దాని స్థితి. మరోపక్క ఖర్చంతా ముందే ఖాయమైపోయి ఉంటుంది. దగ్గరి ఊళ్లకు తిరిగే ఏటీఆర్ విమానంలో 78 వరకు సీట్లుంటాయి. అందులో 40 మంది ఎక్కినా 78 మంది ఎక్కినా పైలట్ల జీతం, విమానం అద్దె, ల్యాండింగ్ రుసుము ఒక్కటే. ఇంధనంలోనూ తేడా స్వల్పమే. కాబట్టి ఖాళీగా పోవడంకంటే చౌకగా అమ్ముకోవడమే నయమని ఏ సంస్థకైనా అనిపిస్తుంది.

అన్ని సీట్లూ ముందే చౌకగా అమ్మేస్తే ఇంకో చిక్కు. ఆఖరి రోజున మూడింతలు ఇచ్చి అయినా వెళ్లాలని వచ్చే మనిషికి సీటు మిగలదు. ఆ డబ్బు పోయినట్టే. ఎన్ని సీట్లు చౌకగా ఇవ్వాలి, ఎన్ని ఆపుకోవాలి అన్నదే విమానయాన వ్యాపారంలో అసలు ప్రశ్న. బ్రిటన్‌లోని బీఓఏసీ విమాన సంస్థలో పనిచేసిన కెన్ లిటిల్‌వుడ్ 1972లో దీనికొక సూత్రం చెప్పాడు. చౌక ధర 3,000, ఆఖరి రోజు ధర 9,000 అనుకుందాం. ఆపుకున్న సీటు ఆఖరికి 9,000కు అమ్ముడుపోయే అవకాశం మూడింట ఒక వంతుకంటే ఎక్కువ ఉందా? ఉంటే ఆపుకోవాలి, లేకపోతే ఇప్పుడే 3,000కు అమ్మేయాలి. ఇవాళ సంస్థల కంప్యూటర్లు చేసే పెద్ద పెద్ద లెక్కలకు మూలం ఈ చిన్న లెక్కే.

అమెరికాలో 1978లో విమాన ఛార్జీల మీద ప్రభుత్వ నియంత్రణ తొలగిపోయాక ఈ విద్యకు పదును పెరిగింది. పీపుల్ ఎక్స్‌ప్రెస్ అనే చౌక విమాన సంస్థ పాత సంస్థల ప్రయాణికులను లాక్కోవడం మొదలుపెట్టింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధిపతి రాబర్ట్ క్రాండల్ 1985లో ఎదురుదెబ్బ తీశాడు. ముందుగా కొనేవారికి కొన్ని సీట్లు పీపుల్ ఎక్స్‌ప్రెస్ ధరకే ఇచ్చి, మిగతావి ఆఖరి నిమిషపు వ్యాపారస్తుల కోసం ఎక్కువ ధరకు అట్టిపెట్టాడు. రెండేళ్లు తిరిగేసరికి పీపుల్ ఎక్స్‌ప్రెస్ కనుమరుగైంది. అప్పటినుంచి ప్రపంచంలోని పెద్ద సంస్థలన్నీ ఈ దారి పట్టాయి.

మనకు కనబడే ధర వెనక జరిగేది ఇదే. ఒక విమానంలోని సీట్లను సంస్థ పది పన్నెండు అరలుగా విడగొడుతుంది. ఒక్కో అరకు ఒక ధర, ఒక ఆంగ్ల అక్షరం పేరు. అడుగు అరలో చౌక సీట్లు కొన్నే ఉంటాయి. అవి అయిపోగానే పై అర తెరుచుకుంటుంది. అమ్మకాలు అనుకున్నదానికంటే మందకొడిగా ఉంటే మూసిన చౌక అరను మళ్లీ తెరుస్తారు. వేగంగా ఉంటే చౌక అరను ముందే మూసేస్తారు. పొద్దున చూసిన ధర సాయంత్రానికి పెరిగిందంటే, మీరు పదేపదే వెతికారని కంప్యూటర్ పసిగట్టి పెంచిందని చాలామంది నమ్ముతారు. ఎక్కువ సందర్భాల్లో జరిగేది అంతకంటే సులువైన సంగతి. ఈలోగా ఎవరో కొన్నారు, ఆ అర ఖాళీ అయింది.

ఇందులోనే ఒక ఉపయోగపడే మెలకువ ఉంది. నలుగురికి కలిపి వెతికినప్పుడు చౌక అరలో రెండే సీట్లుంటే, చాలాసార్లు కంప్యూటర్ నలుగురికీ పై అర ధరే చూపిస్తుంది. ముందు ఒక్కరికి, ఆ తర్వాత ఇద్దరికి వెతికి చూస్తే తేడా తెలుస్తుంది. అప్పుడు ఇద్దరిద్దరుగా కొనుక్కోవచ్చు.

తేదీ ఎవరి చేతిలో ఉంది?

ఇక తేదీల సంగతి. సంక్రాంతికి రెండు రోజుల ముందు హైదరాబాద్ నుంచి విశాఖకు, రాజమహేంద్రవరానికి వెళ్లే విమానాలు కిటకిటలాడతాయి. అవే విమానాలు తిరుగు ప్రయాణంలో సగం ఖాళీగా వస్తాయి. పండుగ దాటాక దిశ మారుతుంది, రద్దీ మారదు. ఒకవైపు ఖాళీగా తిరిగే ఖర్చును కూడా రద్దీ వైపు ప్రయాణికుడి మీదే వేస్తారు. అందుకే ఒకే మార్గంలో, ఒకే రోజు, వెళ్లే టికెట్‌కూ వచ్చే టికెట్‌కూ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా కనబడుతుంది.

గల్ఫ్ దారిలో ఈ ఆటుపోట్లు ఇంకా పెద్దవి. అక్కడి బడులకు ఎండాకాలం సెలవులు ఇచ్చే జూన్ నెలాఖరు, జూలైలలో కుటుంబాలు ఇటు బయలుదేరతాయి. ఆగస్టు చివర్లో అందరూ ఒక్కసారిగా అటు మళ్లుతారు. రంజాన్ పండుగ, డిసెంబర్ సెలవులు సరేసరి. అమెరికా దారిలో ఆగస్టు, జనవరి నెలలు విద్యార్థులవి. కళాశాలలు తెరిచే తేదీ ముందే రాసి ఉంటుంది. వీసా ఎప్పుడు చేతికొస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. వీసా పడ్డాక కొనే టికెట్ ఎప్పుడూ పై అరలోదే అవుతుంది.

ఈ రెండు దారులూ ఒకచోట కలుస్తాయి. మన పల్లెల మీద ఆ కలయిక ప్రభావం ఎక్కువ. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కో దోహాకో వెళ్లే విమానంలో అందరూ గల్ఫ్‌లో దిగేవారు కాదు. అక్కడ విమానం మారి డాలస్‌కు, చికాగోకు, లండన్‌కు వెళ్లేవారు ఎందరో. సంస్థ దృష్టిలో ఆ సీటు దుబాయ్ కూలీకి అమ్మాలా, డాలస్ విద్యార్థికి అమ్మాలా అన్నది ఒక్కటే లెక్క. ఎవరివల్ల ఎక్కువ వస్తే వారికే. ఆగస్టులో అమెరికా విద్యార్థుల గుంపు బయలుదేరినప్పుడు సెలవు ముగించుకుని పనికి తిరిగి వెళ్లే కూలీ టికెట్ కూడా పెరగడానికి ఇదొక కారణం. ఒకే మండలం నుంచి బయలుదేరిన ఇద్దరు, ఒకరికొకరు తెలియకుండా, ఒకే సీటు కోసం పోటీ పడుతున్నారన్నమాట.

తేదీని మార్చుకోగలిగేవారు ఎవరు? విహారయాత్రకు వెళ్లేవారు మార్చుకోగలరు. ఇంటి నుంచి పనిచేసుకునే ఉద్యోగి మార్చుకోగలడు. గల్ఫ్‌లో పనిచేసే కూలీకి సెలవు తేదీని యజమాని నిర్ణయిస్తాడు. ఇంట్లో తల్లి పోయిందన్న కబురు వస్తే తేదీని ఎవరూ నిర్ణయించరు. ఆ రాత్రే బయలుదేరాలి. ఆ రాత్రి విమానంలో మిగిలి ఉండేది అన్నిటికంటే పై అరే. పెద్ద కంపెనీ ప్రతినిధి దగ్గర రాబట్టాలని కట్టిన ధరను, చావు కబురు విన్న కూలీ చెల్లిస్తాడు. ఇద్దరూ ఆగలేనివారే కాబట్టి కంప్యూటర్‌కు ఇద్దరూ ఒక్కటే.

ఆగలేకపోవడానికి మూల్యం చెల్లించడం మన పాలమూరుకు, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాకు, కొత్త కాదు. కరువు కాలంలో మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, నెలల తరబడి శ్రమను ముందే తాకట్టు పెట్టి, ఊళ్లకు ఊళ్లు వలస పోయిన చరిత్ర ఇది. దేశంలో ఎన్నో ఆనకట్టల పునాదుల్లో పాలమూరు లేబర్ చెమట ఉంది. ఆ కూలి రేటు అంత తక్కువగా ఉండటానికి కారణం వారి పనితనంలో లోపం కాదు, పొయ్యి మీద కుండ ఆగనివ్వకపోవడం. కోత కాగానే పల్లికాయ అమ్ముకునే రైతుదీ అదే కథ. అమ్మేటప్పుడు ఆగలేక తక్కువకు అమ్మినవాడే, కొనేటప్పుడు ఆగలేక ఎక్కువకు కొంటున్నాడు. రెండు వైపులా నష్టపోయే ఈ మనిషి కోసమే టికెట్ ధర గురించి మాట్లాడుకోవాలి.

సంస్థకో లెక్క

ఒకే రోజు, ఒకే ఊరికి సంస్థల మధ్య తేడా ఎందుకు? మొదటి కారణం విమానాన్ని నడిపే పద్ధతి. చౌక విమాన సంస్థలు ఎక్కువగా ఒకే కుటుంబానికి చెందిన విమానాలు నడుపుతాయి. పైలట్ల శిక్షణ, విడిభాగాలు, మరమ్మతులు అన్నీ కలిసివస్తాయి. దిగిన విమానాన్ని అరగంటలో మళ్లీ లేపుతాయి. రోజులో పన్నెండు, పదమూడు గంటలు గాలిలోనే ఉంచాలని చూస్తాయి. ఇండిగో ఏ320 నియో విమానంలో 186 వరకు సీట్లుంటాయి. భోజనం, బిజినెస్ తరగతి ఉన్న సంస్థలు అదే విమానంలో ఇరవైకి పైగా తక్కువ సీట్లు వేస్తాయి. ఖర్చును పంచుకునే తలలు తగ్గితే తలకు పడే భారం పెరుగుతుంది.

రెండోది, ధరలో ఏమేం కలిసి ఉన్నాయన్నది. కొన్ని చౌక టికెట్లలో చేతిసంచి తప్ప లగేజీకి చోటు లేదు. బరువు కట్టించుకుని, సీటు ఎంచుకుని, భోజనం చెప్పేసరికి చౌక టికెట్ ఖరీదైన టికెట్‌ను దాటిపోవచ్చు. గల్ఫ్ నుంచి ఇంటిల్లిపాదికీ సామాను మోసుకొచ్చేవారు టికెట్ ధరను కాక, లగేజీతో కలిపిన మొత్తాన్ని పోల్చుకోవాలి.

మూడోది, నేరుగా వెళ్తుందా, ఆగి వెళ్తుందా అన్నది. నేరుగా తీసుకెళ్లే విమానం సమయాన్ని మిగులుస్తుంది, దానికి వెల కడుతుంది. దోహాలో ఆరు గంటలు కూర్చోబెట్టే విమానం దూరం ఎక్కువ తిరిగినా తక్కువకు ఇస్తుంది. ఇక్కడ కూడా తగ్గింపు ఆగగలిగినవారికే. ఆకాశంలో దారులు మూతబడినా లెక్క తప్పుతుంది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసివేయడంతో ఉత్తర భారతం నుంచి పడమటికి వెళ్లే మన విమానాలు చుట్టుదారి పట్టాయి. విదేశీ సంస్థలకు ఆ బాధ లేదు.

నాలుగోది పన్నులు, రుసుములు. విమాన ఇంధనం నేటికీ జీఎస్టీ బయటే ఉంది. ఒక్కో రాష్ట్రం ఒక్కో వ్యాట్ వేస్తుంది. కొన్ని రాష్ట్రాల్లో అది ఒక్క శాతం, తమిళనాడు లాంటి చోట్ల 29 శాతం. మన దేశంలో విమాన సంస్థల నిర్వహణ ఖర్చులో మూడో వంతుకు అటూ ఇటూ ఇంధనానిదే కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. పెద్ద విమానాశ్రయాలను వాడుకున్నందుకు ప్రయాణికులు కట్టే అభివృద్ధి రుసుమును 2009లో ఏర్పడిన విమానాశ్రయాల ఆర్థిక నియంత్రణ సంస్థ నిర్ణయిస్తుంది. ఎకానమీ టికెట్ మీద 5 శాతం జీఎస్టీ ఉంది.

ఐదోది జనం కంటికి కనబడనిది: దేశాల మధ్య సీట్ల ఒప్పందాలు. మన దేశానికీ దుబాయ్‌కీ మధ్య వారానికి ఒక్కో వైపు సంస్థలు సుమారు 66 వేల సీట్లే నడపాలన్న ఒప్పందం ఏళ్ల తరబడి మారలేదు. ప్రయాణికులు పెరిగారు, సీట్లు పెరగలేదు. సీట్లు పెంచితే మన సంస్థలు గల్ఫ్ దిగ్గజాల ముందు నిలవలేవన్నది ప్రభుత్వ వాదన. అందులో నిజం లేకపోలేదు. అయితే ఆ రక్షణకు రుసుము కడుతున్నది ఎవరన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. ఎడారిలో పనిచేసి వచ్చే కూలీ టికెట్‌లో ఆ రుసుము దాగి ఉంది.

పోటీ పలచబడితే

మన దేశంలో ఒకప్పుడు ఈ అరలు లేవు. 1994 మార్చిలో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం రద్దయ్యేదాకా దేశీయ ఛార్జీలు ప్రభుత్వ కనుసన్నల్లోనే ఉండేవి. ఆనాటి ధర మారేది కాదు, కానీ అది అందరికీ అందని ధర. పెద్దమందడి వంటి ఊళ్లకు విమానం అంటే తలెత్తి చూసేదే. 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ మొదలుపెట్టి కొన్ని సీట్లు ఒక్క రూపాయికే ఇచ్చినప్పుడు, మారే ధర సామాన్యుడికి మేలు చేయగలదని దేశం చూసింది. ఆఖరి రోజు వ్యాపారస్తుడు ఎక్కువ ఇవ్వబట్టే ముందుగా కొన్న విద్యార్థికి తక్కువకు వచ్చింది. మారే ధరను పూర్తిగా తిట్టిపోయడం ఈ మేలును మరిచిపోవడమే.

ఆ మేలు పోటీ ఉన్నంతకాలమే ఉంటుంది. కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో నేలకు దిగాయి. విస్తారా 2024 నవంబర్‌లో ఎయిరిండియాలో కలిసిపోయింది. ఇవాళ దేశీయ ప్రయాణికుల్లో ప్రతి పదిమందిలో ఆరుగురికి పైగా ఇండిగోలోనే ఎక్కుతున్నారు. ఎయిరిండియా బృందాన్ని కలిపితే పదిలో తొమ్మిది. యార్డుకు ఇద్దరే ఖరీదుదారులు వస్తే పల్లికాయ రేటు ఏమవుతుందో పెద్దమందడి రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

2025 డిసెంబర్ మొదటి వారం ఆ సంగతిని దేశమంతటికీ చూపించింది. పైలట్ల విశ్రాంతిపై కొత్త నిబంధనలకు తగ్గట్టు సిబ్బందిని సిద్ధం చేసుకోని ఇండిగో వేల విమానాలను రద్దు చేసింది. డిసెంబర్ 5న ఒక్కరోజే వెయ్యికి పైగా ఆగిపోయాయి. మిగిలిన విమానాల్లో ధరలు మిన్నంటాయి. మరునాడు కేంద్రం గరిష్ఠ ఛార్జీలు ప్రకటించింది: 500 కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలు, వెయ్యి కిలోమీటర్ల వరకు 12,000, పదిహేను వందల వరకు 15,000, ఆపైన 18,000. హైదరాబాద్ నుంచి విజయవాడ మొదటి శ్రేణిలోకి, ముంబయి రెండో శ్రేణిలోకి, ఢిల్లీ మూడో శ్రేణిలోకి వస్తాయి. హద్దు గీయడం సాధ్యమేనని ఆ రోజు ప్రభుత్వమే చేసి చూపించింది. కోవిడ్ కాలంలోనూ 2020 మే 25 నుంచి 2022 ఆగస్టు 31 దాకా ప్రయాణ సమయాన్ని బట్టి ఏడు శ్రేణులుగా కనిష్ఠ, గరిష్ఠ ధరలు అమలయ్యాయి.

మన గడప నుంచి విమానం మెట్టు దాకా

ధరకు మరో కొస ఉంది. అది విమానాశ్రయం దూరం. పెద్దమందడికి దగ్గరి వెల్టూరు వద్ద 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే శంషాబాద్ విమానాశ్రయం వంద కిలోమీటర్లకు పైనే. అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు చేరాలంటే అర్ధరాత్రి కారు మాట్లాడుకోవాలి, తోడు వచ్చేవారి ఖర్చు చూసుకోవాలి. అదంతా టికెట్‌లో కనబడని టికెట్.

చిన్న ఊళ్లకు విమానం తేవాలని అశోక్ గజపతిరాజు పౌర విమానయాన మంత్రిగా ఉన్నప్పుడు ఉడాన్ పథకం వచ్చింది. 2017 ఏప్రిల్ 27న సిమ్లాతో పాటు కడప-హైదరాబాద్ మార్గంలోనూ తొలి విమానాలు ఎగిరాయి. సుమారు గంట ప్రయాణానికి కొన్ని సీట్లు 2,500 రూపాయలకే ఇవ్వాలన్నది నియమం, నష్టాన్ని ప్రభుత్వం పూడ్చాలన్నది ఒప్పందం. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 2021 మార్చిలో మొదలైన విమానాశ్రయం గద్వాల, వనపర్తి ప్రాంతాలకూ అందుబాటులోనిదే. బెంగళూరు, విశాఖ, చెన్నైలకు అక్కడి నుంచి ఉడాన్ కింద విమానాలు వేశారు. ఇలాంటి మార్గాల్లో రాయితీ గడువు తీరాక విమానం నిలుస్తుందా లేదా అన్నదే ఎప్పుడూ ఉండే భయం. రోజుకు ఒకటే విమానం ఉన్న చోట ప్రయాణికుడు నమ్మి ప్రణాళిక వేసుకోలేడు. ప్రయాణికులు లేని చోట సంస్థ నిలవదు.

పాలమూరుకు సొంత విమానాశ్రయం కావాలన్న మాట కూడా పాతదే. అడ్డాకుల దగ్గరి గుడిబండ పేరు రాష్ట్రం ప్రతిపాదించిన ప్రాంతీయ విమానాశ్రయాల జాబితాలో ఉంది. దానికి అడ్డుపడేది 2008లో తెరిచిన శంషాబాద్ విమానాశ్రయం కోసం 2004లో కుదిరిన ఒప్పందం. అది తెరిచిన నాటి నుంచి 25 ఏళ్ల పాటు 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్నది అందులో షరతు. వరంగల్ మామునూరుకు, శంషాబాద్‌ను నడిపే జీఎంఆర్ సంస్థ అంగీకారంతో, 2025లో దారి తెరుచుకుంది. పాలమూరుకూ అలాగే తెరవవచ్చు. అయితే విమానాశ్రయం వస్తే టికెట్ తగ్గుతుందని ఆశపడకూడదు. పోటీపడే సంస్థలు వస్తేనే తగ్గుతుంది.

హద్దు ఎక్కడ గీయాలి?

ఏడాది పొడవునా, దేశమంతటా ఒకే గరిష్ఠ ధర పెట్టడం ఆచరణలో సాధ్యం కాదని మన శ్రీకాకుళం ఎంపీ, పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు లోక్‌సభలో చెప్పారు. ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. ధరను బలవంతంగా కిందకు నొక్కితే సంస్థలు ఆ మార్గంలో విమానాలు తగ్గిస్తాయి. ఆఖరి రోజు సీటు చౌకగా ఉంటే అది ముందే అమ్ముడుపోయి, నిజంగా అవసరమైనవారికి ఏ ధరకూ దొరకదు. కోవిడ్ నాటి కనిష్ఠ ధర చౌక టికెట్లను కూడా మాయం చేసిందని మరిచిపోకూడదు.

అయితే ధర మారడం వేరు, దానికి హద్దే లేకపోవడం వేరు. మన ఆర్టీసీ కూడా పండుగకు ప్రత్యేక బస్సుల్లో ధర పెంచుతుంది. 2003 నాటి 16వ నంబరు జీవో ప్రకారం అది ఒకటిన్నర రెట్లు దాటకూడదు. రైల్వే 2016 సెప్టెంబర్‌లో రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో బెర్తులు నిండేకొద్దీ ధర పెంచే పద్ధతి తెచ్చింది. పది శాతం బెర్తులు నిండినప్పుడల్లా పది శాతం పెరుగుదల, ఎంత పెరిగినా యాభై శాతం దగ్గర ఆగాలి. ప్రయాణికుడు ఆగలేకపోయినా, ఎంతవరకు చెల్లించాలో ముందే తెలుస్తుంది. ఆ భరోసా విమానంలో లేదు.

చట్టంలో ఆధారం లేదా అంటే ఉంది. 1937 నాటి విమాన నిబంధనల్లోని 135వ నిబంధన, నడిపే ఖర్చు, సేవ తీరు, సముచిత లాభం, వాడుకలో ఉన్న ధరలు చూసుకుని సంస్థలు సహేతుకమైన ధర పెట్టాలని చెప్పింది. సహేతుకం అంటే ఎంతన్నది మాత్రం ఎవరూ తేల్చలేదు. విజయసాయిరెడ్డి అధ్యక్షతన పనిచేసిన పార్లమెంటు స్థాయీ సంఘం 2024 ఫిబ్రవరిలో ఛార్జీల పర్యవేక్షణకు ప్రత్యేక వ్యవస్థ, మార్గాల వారీగా హద్దులు ఉండాలని సూచించింది. దాన్ని అటకెక్కించకుండా ముందుకు తీసుకెళ్లడానికి కొన్ని పనులు చేయవచ్చు.

ఒకటి, ప్రతి మార్గానికీ సగటు ధరకు ఇన్ని రెట్లు దాటరాదన్న హద్దును ముందే ప్రకటించాలి. సంవత్సరమంతా ఒకే అంకె అక్కర్లేదు. ఆ రెట్ల లోపల సంస్థలు తమ అరలు తాము తెరుచుకోవచ్చు, మూసుకోవచ్చు. రెండు, ఒక పెద్ద సంస్థ విమానాలు ఆగిపోయినా, విపత్తు వచ్చినా గరిష్ఠ ధర ఆ గంట నుంచే దానంతటదే అమలు కావాలి. జనం విమానాశ్రయంలో రెండు రాత్రులు నిద్రపోయాక వచ్చే ఉత్తర్వు ఎవరి కష్టం తీరుస్తుంది? మూడు, చావు, ప్రాణాపాయం వంటి ఆపదలకు ప్రతి విమానంలో కొన్ని సీట్లు నిర్ణీత ధరకు ఉంచాలి. కెనడా, అమెరికాల్లో ఎయిర్ కెనడా, డెల్టా వంటి సంస్థలు దగ్గరి బంధువు పోయినవారికి తగ్గింపు ఇస్తున్నాయి. రుజువు చూపించే ఏర్పాటు ఉంటే దుర్వినియోగం పెద్ద సమస్య కాదు. గల్ఫ్ మార్గంలో దీనితోనే మొదలుపెట్టాలి.

నాలుగు, ప్రయాణం ముగిశాక ఏ విమానంలో ఎన్ని సీట్లు ఏ ధరకు అమ్ముడుపోయాయో సంస్థలు ప్రకటించాలి. యార్డులో ఏ రోజు ఏ సరుకు ఎంత పలికిందో అందరికీ తెలుస్తున్నప్పుడు, ఇక్కడ దాచవలసినది ఏముంది? ఐదు, నిర్ణీత ధర ప్రయోగాలను విస్తరించాలి. ప్రభుత్వ రంగంలోని అలయన్స్ ఎయిర్ 2025 అక్టోబర్‌లో ఎంపిక చేసిన మార్గాల్లో, ముందు కొన్నా చివరి రోజు కొన్నా ఒకే ధర అన్న పద్ధతి మొదలుపెట్టింది. ఉడాన్ మార్గాలకు ఇది సరిగ్గా సరిపోతుంది. వీటన్నిటికంటే ముఖ్యం, కొత్త సంస్థలు నిలదొక్కుకునేలా ఇంధన పన్నును సరిచేయడం, గల్ఫ్ సీట్ల సంఖ్యపై పునరాలోచన చేయడం.

ఇవి జరిగేలోపు మన జాగ్రత్త మనది. తేదీ చేతిలో ఉన్నవారు వారం మధ్యలో వెళ్లే విమానాలు చూడాలి. వీసా, సెలవు ఖాయం కాగానే ఆ రోజే కొనాలి. శంషాబాద్‌తో పాటు ఓర్వకల్లు, బెంగళూరు ధరలు కూడా, దారి ఖర్చు కలుపుకుని, పోల్చుకోవాలి. లగేజీ, రద్దు రుసుము చదివాకే డబ్బు కట్టాలి. ఊళ్లో చదువుకున్న పిల్లలు గల్ఫ్ వెళ్లే కుటుంబాలకు ఈ మాత్రం సాయం చేస్తే వేల రూపాయలు మిగులుతాయి.

కానీ జాగ్రత్తతో గట్టెక్కేది ఆగగలిగినవారే. అర్ధరాత్రి కబురు అందుకున్న మనిషికి ఏ మెలకువా పనికిరాదు. పల్లికాయ రైతు ఆగలేకపోతే నష్టపోకూడదనే ఈ దేశం మద్దతు ధర అనే మాట నేర్చుకుంది. ఆ రైతు కొడుకు దుబాయ్‌లో తండ్రి చావు కబురు విని ఆగలేకపోతే, అతనికోసం అలాంటి మాట ఒకటి ఇంకా పుట్టలేదు. తండ్రికి తలకొరివి పెట్టే వేళకు కొడుకు వెల్టూరు దగ్గర రహదారి దిగగలిగితే, ఆ టికెట్ అప్పు అతన్ని ఏడాది పాటు వెంటాడకుండా ఉంటే, ఆ మాట పుట్టినట్టు.